ఒక్క సంతకంతో డిక్షనరీకెక్కిన గవర్నర్

గ్రూప్స్‌కో, సివిల్స్‌కో ప్రిపేర్ అవుతుంటే జెర్రీమాండరింగ్ అనే మాట మీకు ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. పాలిటీ నోట్స్‌లో డీలిమిటేషన్ చాప్టర్ చివర ఒక్క లైన్‌లో ఉంటుంది. అధికారంలో ఉన్న పార్టీ తనకు లాభం వచ్చేలా నియోజకవర్గాల హద్దులు గీసుకోవడం అని. అర్థం బట్టీ పట్టేసి పేజీ తిప్పేస్తాం. ఆ మాటలో ఒక మనిషి ఉన్నారని, ఆయన అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్లలో ఒకరని, ఆ దేశానికి ఉపాధ్యక్షుడిగా పదవిలో ఉండగానే కన్నుమూశారని ఆ లైన్‌లో ఉండదు.

ఆయన పేరు ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ. చూశారా, గెర్రీ. గుర్రంలో ఉన్న గ. ఆయన పేరుతో పుట్టిన మాటని మాత్రం ఇప్పుడు దాదాపు అందరూ జ తో పలుకుతున్నారు. అంటే ఆ మాట ఆయన పేరును తీసుకుంది, ఉచ్చారణను కూడా వదిలిపెట్టలేదు.

నేను ఈయన గురించి చదవడం మొదలుపెట్టింది రాజకీయాల మీద ఇష్టంతో కాదు. పైథాన్‌లో గ్రాఫ్‌లకి సంబంధించిన లైబ్రరీల కోసం వెతుకుతుంటే గెర్రీచైన్ అనేది కనిపించింది. ఒక రాష్ట్రాన్ని వేల రకాలుగా నియోజకవర్గాలుగా విడగొట్టి చూపించే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ అది. పేరు వింతగా ఉందే అనుకుని వెనక్కి వెళ్తే రెండు వందల ఏళ్ల కిందటి ఒక గవర్నర్ దగ్గర ఆగాల్సి వచ్చింది. ఆయన జీవితం అంతా చదివాక నాకు మిగిలిన ప్రశ్న మ్యాప్ గురించి కాదు, సంతకాల గురించి. ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అనే విషయంలో ఈయనంత పట్టుదలగా ఉన్నవాళ్లు ఆ తరంలో తక్కువ. అలాంటి మనిషి 1812లో ఎలా పెట్టేశారు?

గెర్రీ 1744 జులై 17న మసాచుసెట్స్‌లోని మార్బుల్‌హెడ్‌లో పుట్టారు. అప్పటికి అమెరికా అనే దేశమే లేదు, అది బ్రిటిష్ వలస. మార్బుల్‌హెడ్ అట్లాంటిక్ ఒడ్డున చేపల ఊరు. కాడ్ చేపను పట్టి, ఉప్పేసి ఎండబెట్టి, ఓడల్లో బార్బడోస్‌కీ స్పెయిన్‌కీ పంపేవాళ్లు. తండ్రి థామస్ ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఓడ కెప్టెన్, తర్వాత వ్యాపారి అయ్యారు. పద్నాలుగేళ్లు నిండకముందే కొడుకు హార్వర్డ్‌లో చేరారు. 1762లో డిగ్రీ, 1765లో మాస్టర్స్. అంత చదివి చేసిందేమిటంటే, ఇంటికొచ్చి నాన్న ఎండు చేపల వ్యాపారంలో కూర్చోవడం. ఆ వ్యాపారంలోనే బాగా సంపాదించారు.

1772లో వలస శాసనసభకు ఎన్నికయ్యారు. అక్కడ శామ్యూల్ ఆడమ్స్‌తో స్నేహం కుదిరింది, బ్రిటన్‌కి వ్యతిరేకంగా పనిచేసే గుంపులో కలిసిపోయారు. ఈ దశలో ఒక సంఘటన జరిగింది. 1773లో ఊళ్లో మశూచి వస్తే, గెర్రీ మరికొందరు కలిసి దగ్గర్లోని ఒక దీవిలో టీకా ఆసుపత్రి పెట్టారు. రోగం తమకు అంటుకుంటుందని ఊరి జనం భయపడ్డారు, గొడవలు ముదిరాయి. 1774 జనవరిలో ఆసుపత్రిని తగలబెట్టేశారు. గెర్రీ కమిటీ పదవులకు రాజీనామా చేసి కొన్నాళ్లు దూరంగా కూర్చున్నారు. మంచి పని చేసినా జనం గుంపుగా కదిలితే ఏమవుతుందో ఆయన దగ్గరి నుంచి చూశారు. జనం పేరుతో పోరాడుతూనే జనం గుంపు అంటే జంకే గుణం ఆయనలో చివరిదాకా ఉంది. అది ఇక్కడి నుంచే మొదలైందని నా ఊహ.

1775 ఏప్రిల్ 18 రాత్రి ఆయన మెనోటమీ అనే ఊళ్లో ఒక సత్రంలో పడుకున్నారు. పక్కనే మార్బుల్‌హెడ్ వాళ్లే ఇద్దరు, జెరెమయా లీ, ఏజర్ ఓర్న్. ఆ రాత్రే బ్రిటిష్ సైన్యం ఆయుధాల కోసం కాంకర్డ్ వైపు బయల్దేరింది, దారి ఈ సత్రం ముందు నుంచే. సైనికులు వస్తున్నారని తెలిసి ముగ్గురూ పడుకున్న బట్టలతోనే వెనక పొలంలోకి పరిగెత్తి, చలిలో నేల మీద పడుకుని దాక్కున్నారు. తెల్లారేసరికి లెక్సింగ్టన్‌లో యుద్ధం మొదలైపోయింది. లీ ఆ తర్వాత జ్వరం పట్టుకుని కొన్ని వారాలకే పోయారు. గెర్రీ మాత్రం సైన్యానికి మందుగుండు, తిండి, బట్టలు అందించే పనిలో పడిపోయారు. ఓడల వ్యాపారం తెలిసినవాడికి అది తెలిసిన పనే. ఇప్పటి మాటలో చెప్పాలంటే సప్లై చెయిన్ మేనేజర్ అన్నమాట.

1776లో కాంటినెంటల్ కాంగ్రెస్‌కి వెళ్లారు, స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేశారు. ఎక్కువమంది ఆగస్టు 2న పెడితే ఆయన ఊళ్లో లేక తర్వాత పెట్టారు. పట్టుబడితే రాజద్రోహం కింద ఉరి ఖాయమైన కాగితం అది. మొదటి సంతకం అలాంటిది.

రెండోది పెట్టని సంతకం. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే జనాభా లెక్కలకీ సీట్లకీ ముడి పడింది ఇక్కడే.

1787 వేసవి, ఫిలడెల్ఫియా. కొత్త రాజ్యాంగం రాయడానికి రాష్ట్రాల ప్రతినిధులు తలుపులు వేసుకుని కూర్చున్నారు. గొడవ ఒక్కటే. కాంగ్రెస్‌లో ఎవరికెన్ని సీట్లు? పెద్ద రాష్ట్రాలు జనాభా ప్రకారం అన్నాయి, చిన్నవి అందరికీ సమానం అన్నాయి. చర్చ ఆగిపోయింది. జులై 2న రాష్ట్రానికొకరు చొప్పున పదకొండు మందితో ఒక కమిటీ వేశారు. దానికి అధ్యక్షుడు గెర్రీ. కమిటీ తెచ్చిన మార్గం ఇది: ప్రతినిధుల సభలో జనాభా ప్రకారం సీట్లు, సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికీ సమానంగా. దీన్నే మహా రాజీ అంటారు.

జులై 16న ఓటింగ్. అయిదు రాష్ట్రాలు అవునన్నాయి, నాలుగు కాదన్నాయి. మసాచుసెట్స్ ప్రతినిధులు రెండుగా చీలిపోయారు కాబట్టి వాళ్ల ఓటు ఎటూ పడలేదు. గెర్రీ, కేలబ్ స్ట్రాంగ్ రాజీకి అనుకూలం. రూఫస్ కింగ్, నథానియల్ గోరమ్ వ్యతిరేకం. వీళ్లిద్దరిలో ఒక్కరు అటు జరిగినా మసాచుసెట్స్ కూడా కాదనేది, అయిదు-అయిదు అయిపోయి రాజీ అక్కడే పడిపోయేది. కేలబ్ స్ట్రాంగ్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తారు.

సీట్లు జనాభా ప్రకారం అనుకున్నాక జనాభాని లెక్కపెట్టాలి కదా. అలా పదేళ్లకోసారి సెన్సస్ రాజ్యాంగంలోకి వచ్చింది. బానిసలుగా ఉన్నవాళ్లలో ప్రతి అయిదుగురినీ ముగ్గురిగా లెక్కవేయాలన్న సిగ్గుపడాల్సిన నియమం కూడా దాంతోపాటే వచ్చింది. ఓటు లేని మనుషుల లెక్కతో వాళ్ల యజమానుల రాష్ట్రాలకి సీట్లు పెరిగాయి. లెక్క ఎవరిది, లాభం ఎవరిది అన్న తకరారు మొదటి రోజు నుంచే ఉందన్నమాట.

ఇంత కష్టపడి నిలబెట్టిన రాజ్యాంగం మీద సెప్టెంబర్ 17న సంతకాలు జరుగుతుంటే, హాల్లో ఉండి కూడా పెట్టనివాళ్లు ముగ్గురు. వర్జీనియా నుంచి జార్జ్ మేసన్, ఎడ్మండ్ రాండాల్ఫ్, మసాచుసెట్స్ నుంచి గెర్రీ. ఎందుకు పెట్టలేదో తన రాష్ట్ర శాసనసభకి ఉత్తరం రాశారు. హక్కుల పట్టిక లేదన్నది ఒక కారణం. దానికంటే ముందు రాసిన కారణం మరొకటి ఉంది. ప్రజలకి సరైన ప్రాతినిధ్యం దక్కేలా ఏర్పాటు లేదని, తమ ప్రతినిధుల్ని ఎన్నుకునే హక్కుకి భద్రత లేదని ఆయన అభ్యంతరం. మళ్లీ ఒకసారి చదవండి. జెర్రీమాండర్‌కి పేరిచ్చిన మనిషి, పాతికేళ్ల ముందు సరిగ్గా ఆ భయంతోనే దేశ రాజ్యాంగం మీద సంతకం పెట్టలేదు.

దీనికి ఆయన మాటలు పడ్డారు. పత్రికలు వెక్కిరించాయి. అయినా రాజ్యాంగం అమల్లోకి వచ్చాక అలిగి ఇంట్లో కూర్చోలేదు. 1789లో మొదటి కాంగ్రెస్‌కే పోటీ చేసి గెలిచారు. హక్కుల పట్టిక 1791 డిసెంబర్‌లో సవరణల రూపంలో వచ్చింది.

ఆయన సభలో ఉండగానే 1790 సెన్సస్ ఫలితాలు వచ్చాయి, వాటితో మొదటిసారి సీట్ల పంపకం. ఇంజినీరింగ్ వాళ్లకి ఇది నచ్చుతుంది, ఎందుకంటే ఇది అచ్చంగా రౌండింగ్ సమస్య. 33 వేల మందికి ఒకరు అనుకుంటే అప్పటి మసాచుసెట్స్ 4,75,327 జనాభాకి 14.4 సీట్లు వస్తాయి. ఆ 0.4 మనిషిని సభలో కూర్చోబెట్టలేం. కాంగ్రెస్ మొదట పంపిన బిల్లులో 120 సీట్లు ఉన్నాయి, మిగులు పెద్దగా ఉన్న ఎనిమిది రాష్ట్రాలకి ఒక్కో సీటు అదనం. ముప్పై వేలకి ఒకరిని మించకూడదన్న రాజ్యాంగ నియమం తప్పిందంటూ అధ్యక్షుడు వాషింగ్టన్ 1792 ఏప్రిల్ 5న దాన్ని తిప్పి పంపారు. అమెరికా చరిత్రలో మొదటి వీటో అది. ఆ తర్వాత జెఫర్సన్ చెప్పిన పద్ధతిలో దశాంశాలన్నీ కొట్టేసి 105 సీట్లు పంచారు, మసాచుసెట్స్‌కి 14. ఇంటర్వ్యూల్లో ఫ్లోర్ ఫంక్షన్ గురించి అడిగితే ఈ ఉదాహరణ చెప్పొచ్చు, ప్యానెల్ కచ్చితంగా నిద్ర లేస్తుంది.

1793లో రాజకీయాలు వదిలేసి కేంబ్రిడ్జ్‌లోని ఎల్మ్‌వుడ్ అనే ఇంట్లో భార్య ఆన్, పిల్లలతో స్థిరపడ్డారు. నాలుగేళ్లకి అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ఆయన్ని మరో ఇద్దరితో కలిపి ఫ్రాన్స్‌కి రాయబారిగా పంపారు. అక్కడ ఫ్రెంచ్ మంత్రి మనుషులు మాటలు మొదలుపెట్టాలంటే ముందు లంచం ఇమ్మన్నారు. మిగతా ఇద్దరూ తిరిగొచ్చేశారు, తానూ వెళ్లిపోతే యుద్ధం వస్తుందని గెర్రీ ఆగిపోయారు. ఫెడరలిస్టులు దాన్ని ద్రోహమన్నారు. వాళ్లతో ఆయనకి చెడింది అక్కడే. మెల్లగా జెఫర్సన్ పార్టీ అయిన డెమొక్రటిక్ రిపబ్లికన్ల వైపు జరిగారు. ఆ పార్టీ తరఫున 1800 నుంచి 1803 దాకా వరుసగా నాలుగుసార్లు గవర్నర్ పదవికి పోటీ చేసి నాలుగుసార్లూ ఓడిపోయారు. ఓడించింది ఎవరో తెలుసా? కేలబ్ స్ట్రాంగ్. ఫిలడెల్ఫియాలో పక్కన కూర్చుని రాజీకి ఓటేసిన అదే స్ట్రాంగ్.

1810లో, 65 ఏళ్ల వయసులో, గెర్రీ చివరికి గవర్నర్ అయ్యారు. మొదటి ఏడాది మెత్తగానే నడిపారు, ప్రత్యర్థి పార్టీ ఉద్యోగుల జోలికి పోలేదు. 1811లో మళ్లీ గెలిచాక పరిస్థితి మారింది. ఇంగ్లండ్‌తో యుద్ధం దగ్గరపడుతోంది. ఓడల వ్యాపారం మీద బతికే న్యూ ఇంగ్లండ్‌లో ఫెడరలిస్టులు ఆ యుద్ధానికి ససేమిరా అన్నారు. గెర్రీకి వాళ్లు రాజకీయ ప్రత్యర్థులుగా కాక, మళ్లీ బ్రిటన్ చేతికి దేశాన్ని అప్పగించేవాళ్లుగా కనిపించడం మొదలైంది. ఫెడరలిస్టు అధికారుల్ని తీసేశారు, వాళ్ల పత్రికల మీద పరువునష్టం విచారణలు పెట్టించారు. ఎదుటివాళ్లు తప్పు అనుకోవడం వేరు, ఎదుటివాళ్లు గెలిస్తే దేశమే ఉండదు అనుకోవడం వేరు. రెండోదానికి చేరిన మనిషికి ఏ పనైనా సబబుగానే అనిపిస్తుంది.

సరిగ్గా ఆ సమయంలో శాసనసభలో ఆయన పార్టీ ఒక బిల్లు తయారు చేసింది, రాష్ట్ర సెనేట్ నియోజకవర్గాల్ని కొత్తగా గీస్తూ. పరీక్ష రాసేవాళ్లు ఇక్కడ జాగ్రత్త: గెర్రీ మ్యాప్ అమెరికా కాంగ్రెస్ సీట్లది కాదు, మసాచుసెట్స్ సెనేట్‌ది. అప్పట్లో ఆ సెనేట్ సీట్లని పంచింది కూడా జనాభాని బట్టి కాదు, ఏ ప్రాంతం ఎంత పన్ను కడుతుందన్నదాన్ని బట్టి. అంతవరకూ నియోజకవర్గాలు మామూలుగా కౌంటీ హద్దుల్నే అనుసరించేవి. కొత్త బిల్లు కౌంటీల్ని చీల్చేసింది. ఎసెక్స్ కౌంటీలో అయితే చెల్సీ దగ్గర మొదలై లిన్, సేలం, మార్బుల్‌హెడ్ మీదుగా, పడమరన ఆండోవర్, మెథ్యూన్, హేవరిల్ చుట్టూ తిరిగి, మళ్లీ సముద్రం ఒడ్డున సాలిస్‌బరీ దాకా సాగిన ఒక సన్నటి నియోజకవర్గం తయారైంది. మధ్యలో ఉన్న ఫెడరలిస్టు ఊళ్లని కౌగిలించుకున్నట్టు చుట్టేసింది. గెర్రీ పుట్టిన ఊరు అందులోనే ఉంది.

ఇది ఎలా పనిచేస్తుందో హాస్టల్ లెక్కలో చూడండి. 45 మంది ఉన్న హాస్టల్. తొమ్మిది మందికో వార్డు, మొత్తం అయిదు వార్డులు, వార్డుకో మెస్ కమిటీ సభ్యుడు. సీఎస్‌ఈ వాళ్లు 25, మెకానికల్ వాళ్లు 20. మామూలుగా చూస్తే సీఎస్‌ఈదే కమిటీ. ఇప్పుడు హద్దులు గీసే పని మెకానికల్ వాళ్ల చేతిలో పెట్టండి. రెండు వార్డుల్లో తొమ్మిదికి తొమ్మిది మందినీ సీఎస్‌ఈ వాళ్లనే కుక్కేస్తారు, 18 మంది అక్కడే అయిపోయారు. మిగిలిన ఏడుగుర్ని మూడు వార్డుల్లోకి ఇద్దరు, ఇద్దరు, ముగ్గురు చొప్పున చెదరగొడతారు. ఆ మూడు వార్డుల్లోనూ మెకానికల్ వాళ్లు ఏడుగురు, ఏడుగురు, ఆరుగురు. అయిదులో మూడు సీట్లు మెకానికల్‌వి. ఒక్క ఓటు కూడా దొంగిలించలేదు, ఎవర్నీ బెదిరించలేదు. కుక్కడాన్ని ప్యాకింగ్, చెదరగొట్టడాన్ని క్రాకింగ్ అంటారు.

గెర్రీకి ఈ బిల్లు నచ్చలేదని, అయిష్టంగానే ఒప్పుకున్నారని ఆయన జీవితచరిత్ర రాసిన అల్లుడు జేమ్స్ ఆస్టిన్ చెప్పారు. అల్లుడు కాబట్టి కొంచెం తగ్గించి నమ్మాలి. ఆ మాట నిజమనుకున్నా ఆయనకి వీటో అధికారం ఉంది, కాగితం ఆయన బల్ల మీదే ఉంది. పార్టీ అంతా ఒకవైపు ఉన్నప్పుడు, మనసులో కాదనుకుంటూ పైకి అవుననడం ఎలా ఉంటుందో ఉద్యోగంలో చేరాక మీకూ తెలుస్తుంది. 1812 ఫిబ్రవరి 11న ఆయన సంతకం పెట్టేశారు. 1787లో దేశం మొత్తం అటు ఉన్నా పెట్టని చెయ్యే అది.

మార్చి 26న బోస్టన్ గెజిట్ అనే పత్రికలో ఒక బొమ్మ వచ్చింది. ఎసెక్స్ నియోజకవర్గం మ్యాప్‌కే రెక్కలు, గోళ్లు, కోరలున్న తల తగిలించిన జంతువు. సాలమాండర్ అనే తోకజీవి పేరుకి గవర్నర్ పేరు అతికించి గెర్రీమాండర్ అన్నారు. గీసింది ఎల్కనా టిస్‌డేల్ అని ఎక్కువమంది చెబుతారు, మాట ఎవరి నోట పుట్టిందన్నది మాత్రం తేలలేదు. ఇవాళ్టి భాషలో అది మీమ్. షేర్ బటన్ లేని రోజుల్లో కూడా ఒక పత్రిక నుంచి మరో పత్రికకి అచ్చవుతూ వెళ్లింది.

ఏప్రిల్‌లో గవర్నర్ ఎన్నిక, తర్వాత సెనేట్ లెక్క. సెనేట్‌కి గెర్రీ పార్టీకి వచ్చిన ఓట్లు 50,164. ఫెడరలిస్టులకి 51,766. సీట్లు మాత్రం గెర్రీ పార్టీకి 29, ఫెడరలిస్టులకి 11. మ్యాప్ తన పని తాను చేసింది. కానీ గవర్నర్ పదవికి నియోజకవర్గాలుండవు, రాష్ట్రం మొత్తం ఒకే లెక్క. గీతలు కాపాడలేని ఆ ఒక్క పోటీలో గెర్రీ ఓడిపోయారు. ఓడించింది మళ్లీ కేలబ్ స్ట్రాంగే. మరుసటి ఏడాది ఆ చట్టాన్ని రద్దు చేసేశారు. అంటే చట్టం బతికింది ఏడాది పైచిలుకు, మాట బతుకుతున్నది రెండు వందల ఏళ్లు దాటింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ విద్య గెర్రీ కనిపెట్టింది కాదు. 1788లోనే వర్జీనియాలో పాట్రిక్ హెన్రీ, జేమ్స్ మాడిసన్‌ని ఓడించడానికి కాంగ్రెస్ నియోజకవర్గాన్ని గీయించారన్న ఆరోపణ ఉంది. మాడిసన్ గెలిచారు కాబట్టి ఎవరూ దానికి హెన్రీమాండర్ అని పేరు పెట్టలేదు.

ఆ ఆట ఇప్పటికీ నడుస్తోంది, సరుకు మారింది. అమెరికాలో పదేళ్లకోసారి సెన్సస్ కాగానే ప్రతినిధుల సభలోని 435 సీట్లని రాష్ట్రాలకి మళ్లీ పంచుతారు. ఆ తర్వాత ఒకటికంటే ఎక్కువ సీట్లున్న ప్రతి రాష్ట్రం తన హద్దులు తాను గీసుకోవాలి. 1964లో వెస్‌బెరీ కేసులో సుప్రీంకోర్టు కాంగ్రెస్ నియోజకవర్గాల జనాభా వీలైనంత సమానంగా ఉండాలంది. 2020 సెన్సస్ ప్రకారం ఒక్కో సీటుకి సగటున 7.61 లక్షల మంది. సమానంగా ఉంటే సరిపోతుందా? మన హాస్టల్‌లో వార్డులన్నీ సమానమే కదా, తొమ్మిదేసి మంది. పార్టీ లాభం కోసం గీసిన మ్యాప్‌ల సంగతి ఫెడరల్ కోర్టులు తేల్చలేవని 2019లో రూచో కేసులో అదే కోర్టు చెప్పేసింది. ఆరిజోనా, మిచిగన్ లాంటి చోట్ల స్వతంత్ర కమిషన్లు గీస్తాయి. మసాచుసెట్స్‌లో ఇప్పటికీ 1812 పద్ధతే, శాసనసభ గీస్తుంది, గవర్నర్ బల్ల మీదకి వస్తుంది.

నేను చెప్పిన గెర్రీచైన్ ఇక్కడ పనికొస్తుంది. సెన్సస్ బ్లాకులు, పోలింగ్ ప్రాంతాల్ని ఒక గ్రాఫ్‌లో నోడ్‌లుగా తీసుకుని, మార్కోవ్ చెయిన్ పద్ధతిలో హద్దుల్ని కొంచెం కొంచెంగా మారుస్తూ వేల మ్యాప్‌లు పుట్టిస్తుంది. అధికార పార్టీ గీసిన మ్యాప్ ఆ వేలల్లో ఎక్కడో అంచున పడితే, అది మామూలుగా పుట్టింది కాదని చూపించొచ్చు. పైథాన్, కాస్త గ్రాఫ్ థియరీ, క్యూజీఐఎస్ వచ్చినవాళ్లు ల్యాప్‌టాప్‌లో ఆడి చూడొచ్చు. రెజ్యూమెలో ఇంకో హౌస్ ప్రైస్ ప్రిడిక్షన్ ప్రాజెక్ట్ కంటే ఇది నయమని నా అభిప్రాయం.

మన దగ్గర గీసేది శాసనసభ కాదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్న లేదా పనిచేసిన వ్యక్తి అధ్యక్షతన డీలిమిటేషన్ కమిషన్ గీస్తుంది, దాని ఉత్తర్వుని కోర్టులో సవాలు చేయడానికి రాజ్యాంగంలోని 329వ అధికరణం అడ్డు. మన గొడవ గీతల కంటే ముందు మెట్టు దగ్గరుంది. ఎవరికెన్ని సీట్లు అన్న దగ్గర. 1976లో 42వ సవరణతో రాష్ట్రాల లోక్‌సభ సీట్ల సంఖ్యను ఆపేశారు, 2001లో 84వ సవరణ ఆ గడువుని 2026 తర్వాత జరిగే తొలి జనాభా లెక్కల దాకా పొడిగించింది. ఆంధ్రప్రదేశ్‌కి 25, తెలంగాణకి 17 అన్న అంకెలు దాని మీదే నిలబడి ఉన్నాయి. విభజన చట్టం 26వ సెక్షన్‌లో అసెంబ్లీ సీట్లు 175 నుంచి 225కి, 119 నుంచి 153కి పెంచాలని రాసుంది. జనాభాని అదుపులో పెట్టుకున్న రాష్ట్రాలకి సీట్ల వాటా తగ్గాలా అని దక్షిణాది అడుగుతున్న ప్రశ్న, 1787లో పెద్ద రాష్ట్రాలు, చిన్న రాష్ట్రాలు కొట్టుకున్న ప్రశ్నకి దగ్గరి చుట్టం.

గెర్రీ కథ ఓటమితో ఆగలేదు. ఆ ఏడాదే మాడిసన్ రెండోసారి అధ్యక్ష పదవికి పోటీ చేస్తూ ఆయన్ని ఉపాధ్యక్షుడిగా తీసుకున్నారు. వర్జీనియా మ్యాప్‌ని దాటుకుని గెలిచిన మాడిసన్ పక్కన, మసాచుసెట్స్ మ్యాప్‌తో పేరు పోగొట్టుకున్న గెర్రీ. 1813 మార్చిలో కేంబ్రిడ్జ్‌లోని ఇంట్లోనే ప్రమాణం చేశారు. అప్పటికి ఆరోగ్యం అంతంతమాత్రం, అప్పులు కూడా చేరాయి. ఉపాధ్యక్షుడి జీతం ఆ ఇంటికి అవసరమే. అయినా వాషింగ్టన్ వెళ్లి సెనేట్ అధ్యక్ష స్థానంలో కూర్చునేవారు. 1814 నవంబర్ 23న సెనేట్‌కి బయల్దేరినప్పుడు ఒంట్లో బాగోక, కాసేపటికే ప్రాణం పోయింది. వయసు 70.

ఖనన ఖర్చు కాంగ్రెస్ పెట్టుకుంది. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన 56 మందిలో వాషింగ్టన్ నగరంలో సమాధి ఉన్నది ఆయన ఒక్కరికే. ఆన్ ఆ తర్వాత 35 ఏళ్లు బతికారు. ఆ 56 మంది భార్యల్లో అందరికంటే చివర, 1849లో, ఆమె పోయారు.